రాసుకోని అమ్మాయి

గురువు మాటను ప్రశ్నించకూడదన్న జబ్బు మఠాల్లోనే ఉంటుందని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. డెబ్బైల చివర్లో ఒక మధ్యాహ్నం, ఒక సభలో ఉపన్యాసానికి వెళ్తుంటే, కాజీపేట దగ్గర రైల్వే గేటు పడి మా బస్సు ఆగిపోయింది. ముందూ వెనకా లారీలు, లోపల ఊపిరాడని ఉక్క. పక్క సీటాయన వరంగల్‌లో లెక్కల లెక్చరర్నని చెప్పాడు. వేళ్లకు ఇంకా సుద్దపొడి ఉంది.

"పొద్దున నా సొంత సిద్ధాంతమే బోర్డు మీద రుజువు చేసిన, అన్నా. ఒక పిల్ల లేచి, ఈ మెట్టు ఎట్లొచ్చింది సార్ అనడిగింది. తెలుస్తనే ఉంది గద, కూసో అని చెప్పిన. బస్సెక్కినంక చూస్కుంటే నాకే తెలుస్తలేదు. థీసిస్ అంతా దాని మీదనే నిలబడ్డది. వచ్చే నెలనే వైవా."

"మిగతా పిల్లలు ఒప్పుకున్నారుగా?" అన్నాను.

"అందరు రాసుకున్నరు. ఆమె ఒక్కతె పెన్ను మూసింది."

రైలు వెళ్లింది, గేటు లేచింది. ఆయన "జర ఆపు తమ్మీ" అని కండక్టర్‌కు చెప్పి దిగి, ఎండలో కాలేజీ వైపు వెనక్కి నడిచాడు.

ఇప్పటికీ నా ఉపన్యాసానికి సభంతా చప్పట్లు కొడుతుంటే, చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్ల కోసం వెతుకుతాను.