గాలి ఉతికిన రోజులు

ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టడానికి పెద్ద హంగామా ఏమీ అక్కర్లేదు, గోడ అవతల పదిహేను హార్స్ పవర్ మోటారు ఒకటి తిరుగుతుంటే చాలు. నవ్వకండి. తెనాలి దగ్గర మా ఊళ్ళో నాన్నకి పిండిమర ఉండేది. మరకీ మా పడకగదికీ మధ్య ఒకటే గోడ. మర బెల్టుకి ఒకచోట అతుకు ఉండేది. అది చక్రం మీదికి వచ్చినప్పుడల్లా టప్‌మనేది. గర్ర్... టప్, గర్ర్... టప్. పుట్టిన దగ్గర్నుంచీ అదే నా జోలపాట. (మిరపకాయలు ఆడించే రోజున ఆ జోలపాటలో ఇంటిల్లిపాదీ తుమ్ములు కూడా కలిసేవి.) చుట్టాలొస్తే "ఈ మోతలో ఎలా పడుకుంటారర్రా!" అని చెవుల్లో దూది కుక్కుకునేవాళ్ళు. మాకేమో మోత ఆగితేనే గండం. కరెంటు పోయి మర ఆగిందంటే చాలు, గాఢ నిద్రలో ఉన్నవాళ్ళం కూడా ఉలిక్కిపడి లేచి, "నాన్నా, కరెంటు పోయింది!" అని ఒకే గొంతుతో అరిచేవాళ్ళం. నర్సింగ్ చదివిన గుంటూరు హాస్టల్లో నిద్రకేం లోటు రాలేదు. హాలంతా మా తాతల నాటి ఫ్యాన్లే, ఒక్కొక్కటీ మా మరకి చెల్లెలు.

అలాంటిదాన్ని తీసుకొచ్చి ఐర్లండ్‌లో, డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఒక సందు చివరి ఇంట్లో పడేశారు. ఆసుపత్రిలో ఉద్యోగం, ఆర్నెల్ల ప్రొబేషన్, వరసగా నైట్ డ్యూటీలు. పొద్దున్నే వచ్చి పడుకుంటే ఆ వీధిలో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది, కానీ చీమలు కూడా పనికి వెళ్ళిపోయేవి. ఫ్యాను లేదు. కాకి లేదు. కూరగాయల బండివాడి కేక లేదు. పరదా సందులోంచి వెలుగొకటి, అదీ చప్పుడు చెయ్యదు. నిద్ర పట్టేది కాదు, పట్టినా అరగంటలో మెలకువ వచ్చేసేది. ఏదో ఆగిపోయినట్టు గుండె దడదడలాడేది. ఏం ఆగిపోయిందో మాత్రం బోధపడేది కాదు.

నాతో ఆ ఇంట్లో ఉండే వరంగల్ అక్క కూడా నర్సే, పదేళ్ళ సీనియర్. ఆవిడ పెత్తనం చూసి నేను మనసులో 'మేట్రన్ అక్క' అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ నా కళ్ళకింద నలుపు చూసి వైద్యం మొదలెట్టింది. "గసగసాల పాలు తాగు పిల్లా. అరికాళ్ళకు కొబ్బరినూనె రుద్దుకో, నిద్ర గదే ఉరికొస్తది." రుద్దుకున్నాను. నిద్ర ఉరికి రాలేదు గానీ, నూనె కాళ్ళతో మెట్ల మీంచి నేనే ఉరికొచ్చాను. తర్వాత జీపీ దగ్గరికి, అంటే ఇక్కడి పేట డాక్టరు దగ్గరికి, వెళ్తే ఆయన ఎంతో దయగా, "చీకటి, చల్లదనం, నిశ్శబ్దం, ఈ మూడూ ఉంటే చాలు," అన్నాడు. సరే అని చెవుల్లో ప్లగ్గులు పెట్టుకున్నాను. దాంతో నా గుండె చప్పుడే నాకు వినపడసాగింది. నర్సుని కదా, ఊరుకోలేక నాడి లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను.

డ్యూటీ నుంచి రాగానే నాన్నకి ఫోన్ చేసేదాన్ని. అక్కడ మధ్యాహ్నం, మర మంచి జోరు మీద ఉండే వేళ. నాన్న ఫోనెత్తగానే, "ఉండమ్మడూ, మర ఆపుతాను!" అని అరిచేవాడు. ఆ ఒక్క క్షణం వెనకాల ఏదో గర్ర్‌మని, వెంటనే ఆగిపోయేది. "ఆఁ, ఇప్పుడు చెప్పు తల్లీ. తిన్నావా? నిద్ర పోతున్నావా?" ఎమ్మార్వో గారొచ్చి నిలబడినా మర ఆపని మనిషి, కూతురి ఫోను కోసం ఊరందరినీ సంచులతో నిలబెట్టేవాడు. "హాయిగా పోతున్నా నాన్నా," అనేదాన్ని. ఫోను పెట్టేసి ఏడుపు వస్తే ఏడ్చేదాన్ని. ఎందుకు ఏడుస్తున్నానో నాకే తెలిసేది కాదు.

ఇలా రెండు నెలలు గడిచాక, ఒక పొద్దున వార్డులో డ్యూటీ అప్పగింతల వేళ నేను నిలబడే కునికాను. మా వార్డు మేనేజరు, కావన్ వైపు పల్లెటూరి నుంచి వచ్చిన పెద్దావిడ, "నాలుగో బెడ్ పేషెంటుకి తిండి ఎలా పెట్టాలి?" అని అడిగిందట. నేను కళ్ళు మూసుకునే, మరలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న దర్జాతో, స్వచ్ఛమైన తెలుగులో, "మెత్తగా ఆడాలా, బరకగా ఆడాలా?" అని ఎదురడిగానట, పక్కనున్న ఇంకో తెలుగు నర్సు తర్వాత చెప్పింది. (ఆలోచిస్తే సందర్భానికి అతికిన ప్రశ్నే. ఆ పేషెంటుకి పళ్ళు లేవు.) ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "నువ్వు మంచి నర్సువే. కానీ నిద్రమత్తులో ఉన్న మనిషి చేతికి మందులు ఇవ్వలేను. ఇంకోసారి ఇలా జరిగితే నీ ప్రొబేషన్ కాగితం మీద సంతకం పెట్టను," అంది. సంతకం లేకపోతే పెట్టె సర్దుకోవడమే. నర్సమ్మ అయిందని నాన్న ఊరంతా చెప్పుకున్న కూతురు, నిద్రపోవడం చేతకాక తిరిగొచ్చిందంటే ఎంత సిగ్గు!

ఆ రోజు ఇంటికొచ్చి, ఏడుస్తూనే యూనిఫారాలు వాషింగ్ మిషన్‌లో పడేశాను. ఇక్కడ మిషన్లు వంటింట్లోనే ఉంటాయి. మా ఇంటి ఓనర్ ఒక ఐరిష్ తాతగారు, మిషను ఆయన పెళ్ళినాటిదేమో, దానికి ఒక కాలు పొట్టి. అక్క ఆ కాలి కింద అట్టముక్క మడిచి పెట్టేది. ఆ రోజు అట్టముక్క జారిపోయినట్టుంది. నీళ్ళు పిండే వేళకి మిషను గర్ర్‌మని ఊపందుకుని ఎగరడం మొదలెట్టింది. గర్ర్... టప్. గర్ర్... టప్. కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే పడి నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి మెడ పట్టేసింది, ప్రాణం మాత్రం లేచొచ్చింది.

ఇక చూడండి నా రోజువారీ కార్యక్రమం. అక్క డ్యూటీకి వెళ్ళగానే అట్టముక్క లాగేసేదాన్ని. ఉతకడానికి బట్టలెక్కడివి? ఖాళీ మిషనే తిప్పేదాన్ని. ఒకరోజు అక్క తొందరగా ఇంటికొచ్చి, మిషను అద్దంలోకి తొంగి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏంది పిల్లా గిది? లోపల ఒక్క గుడ్డ ముక్క లేదు. గాలి ఉతుకుతున్నవా?" అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. "వాసనొస్తోందక్కా, కడుగుతున్నా," అన్నాను. ఆవిడ నన్ను అదోలా చూసి, వెళ్ళి ఇంకాసిని గసగసాలు నానబెట్టింది.

మేడమీది గదిలోకి చప్పుడు సరిగ్గా ఎక్కడం లేదని, ఆ వారం నుంచి దుప్పటి పట్టుకొచ్చి మిషను పక్కనే నేలమీద పడుకోవడం మొదలెట్టాను. వంటింటి కుళాయి బాగుచెయ్యడానికి ఓనర్ తాతగారు వస్తానన్న రోజొకటి ఉందని పూర్తిగా మర్చిపోయాను. ఆయన దేనికైనా 'గ్రాండ్' (అంతా బాగుంది అనడానికి ఇక్కడి మాట) అనే మనిషి. వానకి గ్రాండ్, పైకప్పు కారితే గ్రాండ్. అలాంటాయన వెనక తలుపు అద్దంలోంచి చూస్తే ఏముంది? యూనిఫారంలో ఒక పిల్ల వెల్లకిలా పడుంది, నోరు తెరుచుకుని ఉంది, చెయ్యి మిషను మీద ఉంది, మిషను ఎగిరెగిరి పడుతోంది. తలుపు బాదాడట, పిలిచాడట. రెండు నెలల నిద్ర బాకీ ఉన్నదాన్ని, లేస్తానా? షాకు కొట్టి పోయాననుకుని అంబులెన్స్‌కి ఫోన్ చేసి, తన దగ్గరున్న తాళంచెవితో లోపలికొచ్చి, తెలివైనవాడు కాబట్టి ముందు మెయిన్ ఆపేశాడు. మిషను ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం. మరుక్షణం శవం కాస్తా నిటారుగా లేచి కూర్చుని, "నాన్నా, కరెంటు పోయింది!" అని పొలికేక పెట్టింది. తాతగారు నాకంటే పెద్దగా కేక పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. అంబులెన్స్‌వాళ్ళు వచ్చి చివరికి బీపీ చూసింది ఆయనకే. వాళ్ళు నా వంక తిరిగి, "ఆర్ యూ ఓకే, లవ్?" అంటే, "గ్రాండ్," అన్నాను.

ఆ కబురు నాకంటే ముందే వార్డుకి చేరింది. ఆ సాయంత్రం మా పెద్దావిడ నన్ను గదిలోకి పిలిచి, "పొద్దున చచ్చిపోయావట కదా?" అంది. ఇక దాచడానికేముంది! మర, బెల్టు అతుకు, నాన్న, అన్నీ వెళ్ళగక్కేశాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. వాళ్ళ నాన్నకి ఆవులుండేవట, తెల్లవారుజామున పాలు పితికే యంత్రం చప్పుడులో పెరిగిందట. డబ్లిన్ వచ్చిన మొదటి ఏడాది తనూ కన్ను మూయలేదట. "నువ్వెలా పడుకుంటావో నాకనవసరం. పడుకుని రా, సంతకం నేను చూసుకుంటాను," అంది.

మర్నాడు నాన్నకి ఫోన్ చేశాను. "ఉండమ్మడూ, మర ఆపు..." అంటుండగానే, "ఆపొద్దు నాన్నా!" అని అరిచాను. ఆయన గాభరాపడ్డాడు. నిద్ర లేకపోవడం, మిషను, తాతగారి కేక అన్నీ చెప్పాను. అంతా విన్నాడు. ఆ తర్వాత, "పిచ్చితల్లీ, నీ మాట వినపడాలని ఇన్నాళ్ళూ మర ఆపుతూ వచ్చానే," అన్నాడు. ఫోను బియ్యం బస్తా మీద పెట్టాడు. గర్ర్... టప్. వెనకాల ఎవరిదో ఆడగొంతు, "మాది బరగ్గా ఆడు బాబాయ్!" అంటోంది. ఇంకేం విన్నానో నాకు గుర్తు లేదు. ఆ రోజు నుంచి ప్రొబేషన్ అయ్యేదాకా నా పగటి నిద్రలన్నీ ఆ బస్తా మీదే గడిచాయి. పెద్దావిడ సంతకం పెట్టింది.

ఇప్పుడు డబ్లిన్ పక్కనే, స్వోర్డ్స్ అనే ఊళ్ళో మాకో ఇల్లుంది, మావారున్నారు, ఒక కూతురుంది. ఓనర్ తాతగారు పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్న ఆ పొట్టికాలు మిషనూ ఉంది. "చప్పుడు చెయ్యనిది కొందామే," అని మావారు పోరుతూనే ఉంటారు. "మామ్, ఇట్స్ హాపింగ్ అగైన్!" అని మా అమ్మాయి వంటింట్లోంచి కేకేస్తూనే ఉంటుంది. నిజానికి నాకిప్పుడు దానితో పని లేదు. చీమ చిటుక్కుమనని ఇంట్లో కూడా దిండు మీద తల ఆనితే చాలు. ఒక్కోసారి అదే బెంగగా ఉంటుంది.

కిందటేడు నాన్న మర అమ్మేసి విజయవాడలో తమ్ముడి దగ్గరికి మారాడు. నాలుగో అంతస్తు, కిటికీలన్నీ మూస్తే ఈగ మోత లేదు. మొన్న నేను ఫోన్ చెయ్యగానే ఎత్తాడు. ఆపడానికి ఏమీ లేదు కదా. గొంతు నీరసంగా ఉంది. "అంతా బాగానే ఉందమ్మడూ. మధ్యాహ్నం పూట కన్ను మూతపడట్లేదు, అంతే. ఏదో ఆగిపోయినట్టు లేచి కూర్చుంటున్నాను," అన్నాడు.

ఏం ఆగిపోయిందో నాకు తెలుసు. వంటింట్లోకి వెళ్ళి, అట్టముక్క లాగేసి, మిషను తిప్పి, ఫోను దాని పక్కన పెట్టాను. గర్ర్... టప్. "నాన్నా, వినపడుతోందా?" అన్నాను. "ఇదేంటే, మర..." అని నవ్వాడు. ఇంకేదో అన్నాడు. కాసేపటికి అవతల్నుంచి గురక మొదలైంది. మిషను పని పూర్తయి మెల్లగా ఆగబోతోంది. లోపలున్నవి శుభ్రంగా ఉతికిన బట్టలే. అయినా మళ్ళీ బటన్ నొక్కాను. ఆగితే నాన్న లేచిపోతాడు కదా.