వియ్యాలవారి దీపాలు, మా అత్తగారి తోకచుక్క

మా అత్తగారికి ఆరేళ్ళప్పుడు ఆకాశంలో తోకచుక్క వచ్చింది. పెనుగొండలో వాళ్ళ నాన్నగారిది మిరపకాయల వ్యాపారం. తోకచుక్కని చూస్తే అరిష్టమనీ, ఆడపిల్లలు చూస్తే మరీ చేటనీ ఎవరో ఆయన చెవిన వేశారట. ఆయన వెనకాముందూ చూడకుండా ఇంట్లో ఆడపిల్లలందర్నీ మిరపకాయ బస్తాలుండే కొట్టుగదిలోకి తోసి, బయట గొళ్ళెం పెట్టేశారు. అన్నదమ్ములు మాత్రం పెరటి గోడెక్కి తనివితీరా చూసి, "అబ్బ, ఎంత తోకో!" అని రోజుల తరబడి ఊరించారట. నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఈ కథ వింటూనే ఉన్నాను. "డెబ్భై ఆరేళ్ళకి మళ్ళీ వస్తుందటే అమ్మాయ్, అప్పటికి నేనుంటానో లేదో" అనేవారావిడ. ఉన్నారు. ఎనభై రెండేళ్ళు నిండి, రెండు కళ్ళకీ శుక్లాలు తీయించుకుని, సోడాసీసా అడుగులాంటి కళ్ళద్దాలు పెట్టుకుని నిక్షేపంలా ఉన్నారు. ఈ ఏడు తోకచుక్క కూడా చెప్పినట్టే వచ్చింది.

వచ్చింది కానీ మాకు కనపడలేదు. రాజమండ్రి మెయిన్ రోడ్డులో కింద మా బట్టలకొట్టు, పైన ఇల్లు. తెల్లవారుజామున అత్తయ్యగారిని రెక్క పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్ళాను. కార్పొరేషన్ కాకపోయినా మా మునిసిపాలిటీ వీధిలైట్లకేమీ లోటు చెయ్యలేదు. ఎదురుగా మెర్క్యురీ దీపం, దాని పక్కన సినిమాహాలు బోర్డు, ఆ పక్క సందులో ఎవరిదో పెళ్ళిపందిరి. ఆకాశమంతా నీళ్ళపాల రంగులో ఉంది. వరసగా నాలుగు రోజులు ఎక్కాం, దిగాం. నాలుగో రోజు ఆవిడ మెట్లు దిగుతూ, "పోనీలేవే, ఊరన్నాక దీపాలుండాలి కదా" అన్నారు. అలా అన్నందుకే నాకు ఏడుపొచ్చింది. సణిగినా, తిట్టినా ఊరుకునేదాన్ని. ఎలాగైనా ఆవిడకి చీకటి చూపించి తీరాలని ఆ మెట్ల మీదే అనుకున్నాను.

మా అమ్మాయి పద్మని నిరుడు రాజోలు దాటాక అంతర్వేది వైపు ఒక పల్లెటూరికిచ్చాం. సముద్రం దగ్గర, జనం తక్కువ, కొబ్బరితోటలు, వరిచేలు. చీకటికి కరువుండదు. మా వారు మాత్రం, "పెళ్ళయి ఏడాదైనా తిరగలేదు, వియ్యంకుల ఇంటికి తోకచుక్క చూడ్డానికి వెళ్తారా, నవ్విపోతారు" అని నసిగారు. అయినా తల్లి మొహం చూసి, ఆయనే మా వియ్యంకులు విశ్వనాథం గారికి ఉత్తరం రాశారు. అమావాస్య ప్రయాణం వద్దన్నారు, మర్నాడు పాడ్యమి అసలే వద్దన్నారు. చివరికి విదియనాడు, కొట్టు వదిలి ఆయన రాలేరు కనుక, మేమిద్దరమే బయల్దేరాం.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళు పొద్దున్న ఏడింటి లోపల రాజమండ్రి బస్టాండులో ఉంటే మంచిది. ఆ తర్వాత బస్సుల్లో కూర్చునే చోటుండదు. రావులపాలెం మీదుగా రాజోలుకి టిక్కెట్టు పది రూపాయల పైచిల్లర. కడియం దగ్గర రోడ్డుకి రెండువైపులా మొక్కల తోటలు, లారీల్లోకి గులాబీ మొక్కలు ఎక్కిస్తున్న కూలీలు. అత్తయ్యగారు కిటికీ పక్కన కూర్చుని ఒక్కో తోటనీ పలకరిస్తున్నట్టే చూశారు. గౌతమి వంతెన మీద చిల్లర డబ్బు నీళ్ళలోకి విసిరి దండం పెట్టుకున్నారు. రావులపాలెంలో బస్సు పావుగంట ఆగుతుంది. అరటిపళ్ళు అక్కడే కొనుక్కోండి, ముందుకెళ్ళేకొద్దీ కండక్టరు ఆపనివ్వడు.

మా కండక్టరు మాటకారి. పెద్దావిడని ఇంత దూరం ఎందుకు తీసుకెళ్తున్నానని అడిగి తెలుసుకున్నాడు.

"తోకచుక్క కోసమాండి? మా డిపోలో అందరం మేడెక్కి చూశామండి. లైటు స్తంభాలు తప్ప ఏమీ కనపడలేదండి."

"అందుకే నీ బస్సెక్కాం నాయనా" అన్నారు అత్తయ్యగారు. "చీకటున్న ఊళ్ళో దింపు."

"మా బస్సు వెళ్ళే ఊళ్ళన్నీ చీకటివేనండి. సాయంత్రమైతే కరెంటుండదు, బెంగపడకండి" అని అభయమిచ్చి వెళ్ళిపోయాడు.

రాజోలు చేరేసరికి పదకొండయింది. అక్కణ్ణించి సఖినేటిపల్లి వెళ్ళే బస్సెక్కి వాళ్ళ ఊరి మలుపులో దిగాలి. దిగేసరికి విశ్వనాథం గారు స్వయంగా గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు, వెనక అద్దె అంబాసిడరు. అర మైలు దూరానికి కారెందుకండీ అంటే, "భలేవారే చెల్లెమ్మగారూ, మొదటిసారి వస్తున్నారు, అమ్మగారిని నడిపిస్తామాండి!" అన్నారు. ఆయనది కొబ్బరికాయల ఎగుమతి వ్యాపారం. మనిషి పొట్టి, గొంతు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. వెళ్ళగానే ఒక్కొక్కరికీ రెండేసి కొబ్బరిబోండాలు. మధ్యాహ్నం ఆవపెట్టిన పనసపొట్టు కూర, పెరుగావడలు, బొబ్బట్లు. వద్దన్నకొద్దీ మా వియ్యపురాలు వదినగారు విస్తట్లో నెయ్యి ధార కట్టించారు. పద్మ ఒళ్ళు చేసింది. అత్తవారింట్లో పిల్ల నవ్వుతూ తిరుగుతుంటే నాకు సగం ప్రయాణబడలిక తీరిపోయింది.

మిగతా సగం సాయంత్రం రెట్టింపై వచ్చింది. నిద్ర లేచి వాకిట్లోకి వచ్చి చూద్దును కదా, పందిరి! పందిరికి రంగుకాగితాల జెండాలు. కొబ్బరిచెట్లకి వరసగా ట్యూబులైట్లు, మొదలు నుంచి మొవ్వు దాకా సీరియల్ బల్బులు. తూర్పువైపు గోడ మీద మైకు. ఒక మూల రాజోలు నుంచి తెప్పించిన జనరేటరు, దాని పక్కన దీపాలవాడు.

"ఏంటండీ ఇదంతా?" అన్నాను.

"బావగారు ఏర్పాట్లు చూడమని రాశారు కదండీ" అన్నారాయన, మొహం వెలిగిపోతుంటే. "తోకచుక్క చూడ్డానికి రాజమండ్రి నుంచి వియ్యాలవారొస్తుంటే ఊరికే వదిలేస్తామాండి? రాత్రంతా వెలుగుంటుంది. అమ్మగారు లేచి వాకిట్లోకి రావడానికి ఇబ్బందుండదు. ఇక్కడ కరెంటు పోతుందని జనరేటరు కూడా చెప్పేశాను!"

ఏం చెప్పను? వియ్యంకుడి మర్యాదలో లోపమెంచితే ఆయనకి ఒకరోజు కోపం, మా పిల్లకి ఏడాది పొడుగునా సూటిపోటి మాటలు. ఆ ఇంట్లో అలాంటివాళ్ళెవరూ లేరని ఇప్పుడు తెలుసు కానీ అప్పుడు తెలియదు కదా. పద్మ గుమ్మంలో నిలబడి వద్దన్నట్టు కళ్ళతోనే సైగ చేసింది. నేను పళ్ళికిలించి, "ఎంత శ్రమ తీసుకున్నారండీ" అన్నాను. చీకటి పడగానే బల్బులన్నీ ఒక్కసారి వెలిగాయి. మైకులో సినిమాపాటలు అందుకున్నాయి. ఊరంతా వచ్చి పందిట్లో కూర్చుంది. తల ఎత్తి చూస్తే రాజమండ్రి ఆకాశమే నయమనిపించింది. అత్తయ్యగారు ఒక్కసారి పైకి చూసి, వచ్చిన వాళ్ళందరి యోగక్షేమాలూ అడిగి, వెళ్ళి పడుకున్నారు.

భోంచేసి జనం వెళ్ళాక మైకు ఆపారు కానీ దీపాలు ఆపలేదు. కరెంటు పోతే క్షణమైనా చీకటవకూడదని జనరేటరు కూడా గుడగుడలాడుతూనే ఉంది. కిటికీలోంచి వెలుగు మొహం మీద పడుతోంది. దొడ్లో కోళ్ళకి మతి పోయి, తెల్లారిందనుకుని పుంజులు ఒకదాని తర్వాత ఒకటి కూస్తూనే ఉన్నాయి. ఆవు కట్టుకొయ్య చుట్టూ తిరుగుతోంది. ట్యూబులైట్ల కింద రెక్కల పురుగులు రాసులు పోసినట్టు పడ్డాయి. ఆ ఇంట్లో నిద్రపోయిందెవరైనా ఉంటే అది దీపాలవాడొక్కడే. నేను పక్క మీద పడుకుని కరెంటు పోవాలని, జనరేటరు చెడాలని సత్యనారాయణస్వామికి మొక్కుకున్నాను. అక్కర్లేనప్పుడల్లా పోయే కరెంటు ఆ రాత్రి మాత్రం ఇనుపగుండులా నిలబడింది.

తెల్లవారుజామున నాలుగున్నరకి తోకచుక్క ఆగ్నేయంగా పైకి వస్తుందని పేపర్లో చదివాను. నాలుగింటికే లేచాను. విశ్వనాథం గారు అప్పటికే స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని పందిట్లో కుర్చీలు సర్దుతున్నారు. అత్తయ్యగారు గోడ పట్టుకుని మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చుని, కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుని, తెల్లగా మెరుస్తున్న కొబ్బరాకుల్లోకి చూస్తూ ఉండిపోయారు. ఇంకో గంట గడిస్తే తెల్లారిపోతుంది. మర్నాడు మబ్బు పట్టచ్చు, మళ్ళీ ఇంత దూరం ఆవిణ్ణి తీసుకురాగలనో లేదో తెలియదు. ఇక ఆగలేకపోయాను.

"అన్నయ్యగారూ, మీ మర్యాదకి వంకపెట్టే నోరు నాకు లేదండి. కానీ అత్తయ్యగారికి కావలసింది వెలుగు కాదండి, చీకటి. ఇన్ని దీపాల్లో ఆకాశంలో ఏదీ కనపడదు. దయచేసి అన్నీ ఆర్పించండి."

వదినగారు చేతిలోని కాఫీగ్లాసులతో అలాగే నిలబడిపోయారు. విశ్వనాథం గారు నాకేసి చూశారు, దీపాలకేసి చూశారు, అత్తయ్యగారికేసి చూశారు.

"నిజమేనాండి అమ్మగారూ?" అన్నారు చివరికి.

"నిజమే నాయనా" అన్నారావిడ. "నీ దీపాలు చాలా బాగున్నాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను."

ఆయన తలపాగా గుడ్డ తీసి భుజాన వేసుకుని, "ఒరేయ్!" అని ఒక్క అరుపు అరిచారు. దీపాలవాడు ఉలిక్కిపడి లేచాడు. "ఆపరా అన్నీ! జనరేటరు కూడా ఆపు! ఈ ముక్క నిన్ననే చెప్పద్దాండి చెల్లెమ్మగారూ? నేనే పిన్నిగారి కళ్ళకి అడ్డం పడ్డాను కదండీ!" అంటూ చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తారు. అమ్మగారు కాస్తా అంతలోనే పిన్నిగారైపోయారు. ఇక చూడండి ఆయన హడావుడి. దీపాలు వెలిగించడంలో ఎంత పట్టుదలో ఆర్పడంలోనూ అంతే. లైన్‌మన్ని లేపి వీధిదీపం తీయించారు. ఎదురింటి వసారాలో బల్బు ఆర్పించారు. పశువులపాకలో లాంతరు ఊదేశారు. గట్టు మీద డైనమో దీపంతో వస్తున్న సైకిలాయన్ని దింపి నడిపించారు. "బీడీ కూడా వెలిగించడానికి వీల్లేదర్రా, మా పిన్నిగారు ఆకాశం చూస్తున్నారు!" అని వీధంతా వినపడేలా చెప్పారు. పద్మ పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వాపుకోలేకపోయింది. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ. రాత్రంతా గుండెల మీదున్న బరువు దిగిపోయింది.

జనరేటరు ఆగగానే సముద్రం హోరు వినపడింది. సాయంత్రం నుంచీ అది అక్కడే ఉందని ఎవరికీ తోచలేదు. చేలల్లో కప్పలు, కాలవలో చేప ఎగిరిపడ్డ చప్పుడు. పుంజులు సద్దుమణిగాయి. ముందు ఏమీ కనపడలేదు. కళ్ళు చీకటికి అలవాటు పడాలి, పావుగంటైనా ఓపిక పట్టాలి. తర్వాత ఒక్కొక్క చుక్కే బయటికొచ్చి, చూస్తూ చూస్తూ ఉండగానే ఆకాశం కిక్కిరిసిపోయింది. విశ్వనాథం గారు గొంతు బాగా తగ్గించి, "మా చేపలు పట్టే పల్లెకారులు చెప్తుంటారండి, తాబేలు పిల్లలు గుడ్లు పగిలి వచ్చే రోజుల్లో ఒడ్డున లాంతరు పెట్టకూడదని. సముద్రం అనుకుని దీపం వైపు పోతాయిటండి. విని కూడా నాకు బుర్రకెక్కలేదు చూడండి" అన్నారు.

ముందు పద్మకి కనపడింది. కొబ్బరితలల పైన, ఆగ్నేయంగా, పైకి విరజిమ్మిన ముగ్గుపిండిలా సన్నటి తెల్లటి చార. నేను అత్తయ్యగారి వెనక నిలబడి, ఆవిడ చెయ్యి నా చేతిలోకి తీసుకుని అటు చూపించాను. "ఏదే? ఎక్కడే?" అన్నారు. మళ్ళీ చూపించాను. తూర్పున చీకటి పలచబడుతోంది. కనపడలేదంటారేమోనని నా ప్రాణం విలవిల్లాడింది. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, తల కొంచెం పక్కకి వంచి, ఒక్కసారి ఆగిపోయారు.

"అదా?"

"అదేనండి అత్తయ్యగారూ."

"ఇంతేనా?" అన్నారు. తర్వాత పకపకా నవ్వారు. "ఇంత దానికి భయపడ్డాడా మా నాన్న! పిచ్చిమారాజు!"

నవ్వుతూనే కొంగు కళ్ళకద్దుకున్నారు. కాకులు కూసి, ఆ చార వెలుగులో కలిసిపోయేదాకా కుర్చీలోంచి కదల్లేదు. కాఫీ చల్లారిపోయిందని వదినగారు రెండుసార్లు మార్చారు.

తిరుగుప్రయాణంలో బస్సంతా నిద్రపోతుంటే నేను ఆలోచించుకున్నాను. చీకటి అంటే ఏమీ లేకపోవడమని అనుకునేదాన్ని. అది కూడా నీళ్ళలా, గాలిలా ఊరికున్న ఆస్తేనని, ఎవరూ కావాలని తీసెయ్యకపోయినా మంచికిపోయే పోగొట్టుకుంటున్నామని ఆ రెండు రోజుల్లో తెలిసింది. ఆర్పడానికి ఎంతసేపు పట్టింది? ఒక అరుపు, ఒక స్విచ్చి. ఇంటికొచ్చాక అత్తయ్యగారు కొడుకుని పిలిచి, కొట్టు కట్టేశాక బోర్డు మీద దీపం ఎందుకని అడిగారు. ఆయన వెళ్ళి స్విచ్చి తీసేశారు. ఇప్పుడు రాత్రి తొమ్మిది దాటితే మా బోర్డు చీకటే. పక్కకొట్టువాళ్ళు ఇంకా నవ్వుతున్నారు.

వచ్చే అమావాస్యకి తోకచుక్క మళ్ళీ దక్షిణం వైపు కనిపిస్తుందంటున్నారు. వెళ్ళదలచుకున్న వాళ్ళకి నేను చెప్పే సలహా ఒక్కటే. కోనసీమలో ఎవరింటికి వెళ్తున్నా ముందుగా ఒక కార్డు రాసి, మీకు కావలసింది చీకటనీ, నిశ్శబ్దమనీ మొహమాటం లేకుండా చెప్పండి. ఆ సీమవాళ్ళు అడిగింది లేదనరు. చీకటైనా సరే, కొసరి కొసరి వడ్డిస్తారు.