సాంబ్రాణి పొగ పీల్చిన పెట్టె

మీ ఇంట్లో కంప్యూటరు మొరాయిస్తే మీరు మొదట ఎవరి మాట వింటారు? దుకాణదారు మాటా, పక్కింటివాళ్ళ మాటా, పంచాంగం మాటా? అసలు ఆ యంత్రం ఏమంటోందో ఎప్పుడైనా విన్నారా?

నేను ఈ ఉదయమే విన్నాను. ఏళ్ళ తరబడి నా వ్యాసాలన్నీ మోసిన డెస్క్‌టాప్ పక్క రేకు తీయగానే వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. ఏ భాగం ఉంచాలి, ఏది మార్చాలి అని దాని ముందు చతికిలబడిన నేను, ఆ వాసన పట్టుకుని చిత్తూరులో మేం అద్దెకున్న రేకుల ఇంట్లోకి, అమ్మ మొదటి కంప్యూటరు దగ్గరికి వెళ్ళిపోయాను.

అది రాకముందు, మామిడి కాపు దిగే ఎండాకాలమంతా అమ్మ గుజ్జు ఫ్యాక్టరీలో కాయల తొక్క తీసేది. లారీలు బారులు తీరి, ఊరి గాలి అంతా పండిన తోతాపురి వాసనతో బరువెక్కి, ఈగలు ముసిరే ఆ రోజుల్లో వీధిలో అందరికీ తీపి కనిపిస్తే మాకు అమ్మ వేళ్ళ సందుల్లో పుండ్లు కనిపించేవి. సొన తగిలి చర్మం పగిలి, అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. ఆ చేతులతోనే సాయంత్రాలు టైపు నేర్చుకుని, ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు కొనుక్కుని, కోర్టు వకీళ్ళకు అర్జీలు, దావా కాగితాలు ఇంట్లోనే కొట్టివ్వడం మొదలుపెట్టింది. ఆ ఏడాదితో అమ్మ వేళ్ళ పుండ్లు మానాయి.

మా అవ్వ, అంటే నాయన తల్లి, ఆ పెట్టెను సరస్వతిగా ఒప్పేసుకుంది. శుక్రవారం తలంటు పోసుకుని, తడి జుట్టు ముడేసి, పెట్టెకు మూడు పట్టీల విభూతి పూసి, నడుమ కుంకుమబొట్టు పెట్టి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి ఆ ధూపాన్ని పెట్టె కింది చీలికల దగ్గర పట్టేది. ఆయుధ పూజ నాడైతే మానిటరుకు బంతిపూల దండ, ముందు పళ్ళెంలో బెల్లం కలిపిన బొరుగులు, కొబ్బరి తురుము చల్లిన శనగ గుగ్గిళ్ళు. దండం పెట్టుకునే లోపలే మా పిడికిళ్ళు నిండేవి. అయితే అసలు వింత ధూపానిది. పెట్టె ఆ పొగను సన్నటి తాడులా లోపలికి లాక్కునేది.

"సూడండి, తల్లి పొగని ఎట్ల పీలుస్తా ఉండాదో! మీ ఇండ్లల్లో పటాలు ఒక్కటన్నా పీల్సినాయా?" అని అవ్వ ఇరుగమ్మల్ని నిలదీసేది.

బిళ్ళాట మధ్యలో వదిలేసి నేను వీధి పిల్లలందర్నీ పిలుచుకొచ్చి చూపించేదాన్ని. ఈనాడు సభల్లో మహిమలను తూర్పారబట్టే నేను ఆనాడు ఆ మహిమకు ప్రచారకురాలిని!

మూడో ఏడు మామిడి పూత కాలానికి పెట్టె నీరసించింది. ఒక అర్జీ తెరవమంటే లోపల ఏదో కరకరా నములుతున్నట్టు చప్పుడు చేసేది. సగం కొట్టాక టప్పుమని ఆరిపోయేది. కాగితాలు ఆలస్యమై ఇద్దరు వకీళ్ళు వేరే చోటికి పోయారు. అవ్వ దిష్టి అని తేల్చి, మంగళవారం కూడా ధూపం మొదలుపెట్టింది. ఆరిపోవడం ఇంకా ఎక్కువైంది. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే మణి వచ్చి, మూతైనా తీయకుండా, "పాతకాలం బండి అక్కా. బోర్డు, ప్రాసెసరు, మెమరీ, అన్నీ మార్సాల్సిందే" అన్నాడు.

"ఏది సెడిందో సెప్పకుండా అన్నీ మార్సమంటే ఎట్లప్పా?" అంది అమ్మ.

నాయన బస్సు కండక్టరు. పూతలపట్టు మీదుగా తిరుపతికి రోజుకు రెండు ట్రిప్పులు తిరిగి అలిసి వచ్చిన మనిషి. "మణి సెప్పినట్ల మార్సే స్తోమత మనకి లేదు. వొదిలేయ్. సీజనుకి ఫ్యాక్టరీ యాడికీ పోదు గదా" అన్నాడు.

అమ్మ తన వేళ్ళ వంక చూసుకుంది. తర్వాత స్క్రూడ్రైవరు అడిగింది.

"ఆడోళ్ళు విప్పితే షాకు కొడతాదక్కా!"

"మొగోళ్ళు విప్పితే కొట్టదా మణీ? కరెంటుకి అంత ఇవరం ఉండాదా?"

వైరు పీకి, కాసేపు ఆగి, మూత తీసింది. లోపల ఫ్యాను రెక్కలు కనబడలేదు. విభూతి, కుంకుమ, సాంబ్రాణి మసి, దుమ్ము కలిసి కంబళిలా కప్పేశాయి. అవ్వ ఆకువక్క నమలడం ఆపి తొంగిచూసింది.

"అయితే పొగ పీల్సింది తల్లి కాదా?"

"ఈ ఫ్యాను అత్తా. లోపలి వేడి పోవాలని బయట గాలి లాగతా ఉండాది."

అవ్వ లేచి వెళ్ళి సున్నం కొట్టే చిన్న బ్రష్షు తెచ్చి, "ఇట్లియ్యి, నేను పూసింది నేనే తీస్తా" అంది.

ఆ మధ్యాహ్నం పెట్టె ఒక్కసారి కూడా ఆరలేదు. కానీ నత్తనడక పోలేదు. అప్పుడు అమ్మ పెట్టుకున్న పద్ధతి ఒక్కటే: ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చి చూడాలి. మెమరీ ముక్క తీసి నా బడి రబ్బరుతో అంచులు రుద్దింది. తేడా లేదు. మణిని బతిమాలి ఇంకో మెమరీ ముక్క ఒక్కపూటకు తెచ్చి పక్కన గుచ్చింది. నేను నాయన గడియారం పట్టుకుని లెక్కపెట్టబోయేలోపే అర్జీ తెరుచుకుంది, మెమరీ చాలక హార్డ్‌డిస్కు చేసే కరకర ఆగింది. మెమరీ ఒక్కటే కొన్నాం. బోర్డు అదే, ప్రాసెసరు అదే. ఆ ఏడాది ఫ్యాక్టరీ లారీ ఆడవాళ్ళ కోసం మా వీధి చివర హారను కొట్టినప్పుడు అమ్మ తలెత్తలేదు, అర్జీ కొడుతూనే ఉంది.

అవ్వ పూజ మానలేదు. ధూపం మాత్రం గడప దగ్గరే ఆపి, "మా సరస్వతికి ఆయాసం, పొగ పడదు" అని ఇరుగమ్మలకు చెప్పేది. ఎన్నో వేదికలెక్కి వాదించాను గానీ, అంత సంస్కరణ నేను ఏ సభలోనూ సాధించలేకపోయాను.

ఇప్పుడు అవ్వ లేదు, ఆ రేకుల ఇల్లు లేదు. మణి దుకాణంలో ఫోన్ల తొడుగులు అమ్ముతున్నారు. కొత్త యంత్రాలు చాలావాటికి విప్పడానికి స్క్రూలే లేవు, జిగురుతో అతికించేస్తున్నారు. లోపల చూడనివ్వని వస్తువుకూ గర్భగుడికీ తేడా ఏమిటి? నా పాత డెస్క్‌టాప్‌ను నిన్న దుకాణంలో పారేయమన్నారు. ఈ ఉదయం దుమ్ము దులిపి, ఒక్కొక్కటే పరీక్షించి చూస్తే, అలిసిపోయింది హార్డ్‌డిస్కు ఒక్కటే. దాని చోట ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు పెడతాను. మిగతావన్నీ ఉంటాయి.

మీరూ అన్నీ మార్చమన్నవాడిని ఏది చెడిందో చూపించమని అడగండి. చూపించలేకపోతే వైరు పీకి, ఆ యంత్రం మీద ఇంట్లో రోజూ పనిచేసే ఆడమనిషి ఎవరో ఆమె చేతికి స్క్రూడ్రైవరు ఇవ్వండి. ఇచ్చి, పక్కకు జరగండి.