జీపు తీసేసిన బేరం

ఒమాన్ ఎడారి కొండల్లో సైకిలు తొక్కించే ట్రిప్పుకు నాకంటే తక్కువ ఇచ్చినవాడు సింగపూరు మొత్తం మీద ఉండడు. గర్వంగానే చెబుతున్నాను. ఇద్దరికి కలిపి అరవై డాలర్లు తగ్గించాను. ఎలాగంటే, మనుషుల్నీ సైకిళ్లనీ కొండ మీదకు చేర్చే జీపును బేరంలోంచి తీసేయించాను.

మాది బెజవాడ వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు. గిన్నెలు తూకానికి అమ్మేవాళ్లం. మూత పక్కన పెట్టి గిన్నె ఒక్కటే తూచమని అడిగి, డబ్బు మిగిలిందని సంబరపడుతూ వెళ్లే బేరగాళ్లు రోజూ వచ్చేవారు. నాన్న మారుమాట లేకుండా ఇచ్చేవాడు. వారం తిరక్కుండా వాళ్లే మూత కోసం వచ్చేవారు; విడి మూత ధర వేరు. ఆ గల్లాపెట్టె పక్కనే పెరిగినవాణ్ణి నేను. అయినా జీపు వద్దనగానే ట్రిప్పు నడిపే ఆయన ఫోన్లో సరేననేస్తే, ఇంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడన్న అనుమానమే రాలేదు. గెలిచాననుకున్నాను.

అసలు ఈ సైకిలు సరదా నాది కాదు, మా ఆవిడది. మేముండేది సింగపూరు ఒక అంచున, బుకిట్ పంజాంగ్‌లో. ఆవిడ ఉద్యోగం చాంగీ బిజినెస్ పార్కులో, బ్యాంకు పని. పొద్దున రైలెక్కితే దీవి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, దారంతా భూమి కిందే. నేను మధ్యలో దిగిపోతాను. నేను దిగేదాకా ఆవిడ ఫోనులో ఎడారి వాలుల మీద సైకిళ్లు జారిపోయే వీడియోలు చూస్తూ ఉండేది. ఆదివారాలు ఇంటి దగ్గరి అడవి బాటలో ఇద్దరం ప్రాక్టీసు చేసేవాళ్లం. వేర్లు, బురద, చెమట. దిగుతున్నామని సంతోషించేలోపే మళ్లీ ఎక్కడమే.

"ఒక్కసారైనా తొక్కకుండా దిగాలనుందండీ," అంది ఒక ఆదివారం, సైకిలు బురద కడుగుతూ. "కింద దాకా కనబడుతుండాలి. చాలాసేపు దిగుతూనే ఉండాలి."

పెళ్లయ్యాక ఆవిడ నోరు తెరిచి అడిగినవి తక్కువ. అందుకే ట్రిప్పు బుక్ చేశాను. అందులోనూ బేరమాడానన్నది వేరే సంగతి.

మార్చిలో వెళ్లాం. అక్కడ వసంతం చివర. కొండంతా బూడిద రంగు రాయి. రాళ్ల సందుల్లో వేలెడంత మొక్కలకు పచ్చటి పూలు. కింద జీపు వెనక సైకిళ్లు కడుతున్నారు. ఆవిడ హెల్మెట్ పెట్టుకుని హుషారుగా అటు నడిచింది. మాకిచ్చిన గైడు ఆపి, మన దారి ఇది అని కొండ మీదకు చెయ్యి చూపించాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. "జీపు మనకి లేదా?"

"ఎక్కడానికి కూడా డబ్బులెందుకని... ప్రాక్టీసు ఉందిగా."

"నేనొచ్చింది దిగడానికి కదండీ."

హెల్మెట్ పట్టీ బిగించుకుని సైకిలు కొండవైపు తిప్పింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కాస్త దూరం తొక్కాం. తర్వాత రాళ్లు చక్రాల కింద జారిపోతుంటే నెట్టుకుంటూ ఎక్కాం. జీపు మమ్మల్ని దాటి, దుమ్ము మా మీద వదిలి వెళ్లింది. ఎంతడిగినా ఇస్తాను, దాన్ని వెనక్కి పిలవమని గైడుతో అన్నాను. ఈ పూటకు ఖాళీ లేదన్నాడు. విడి మూత కూడా దొరకని కొట్టు అది.

పైకి చేరేసరికి ఆవిడ పిక్కలు పట్టేశాయి. గైడు బ్రేకులు నొక్కి చూపించమన్నాడు. సైకిలు నెట్టి నెట్టి వేళ్లలో పట్టు నిలవడం లేదు. ఈ చేతులతో ఈ వాలు దిగనివ్వను, నడిపించుకుంటూ రండి అనేశాడు. ఆవిడ అంచున నిలబడి కిందికి చూసింది. బాట మెలికలు తిరుగుతూ ఎండిన వాగు దాకా కనబడుతోంది, అచ్చం ఆవిడ అడిగినట్టే. కాసేపు చూసి, సైకిలు పట్టుకుని నడక మొదలెట్టింది.

నా చేతులు బాగానే ఉన్నాయి. దిగగలిగేవాణ్ణే. ఆవిడ వెనకే నడిచాను. జీపులో పైకెళ్లినవాళ్లు సైకిళ్ల మీద రెండోసారి దిగుతూ, తప్పుకోమని కేకేసి మా పక్కనుంచి దూసుకుపోయారు. సగం దారిలో ఆగి నీళ్లు తాగుతూ ఆవిడ అడిగింది.

"తిరుగు టికెట్లు ఉన్నాయా, అవీ తీసేయించారా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే విమానం.

ఇక లెక్క. జీపు తీసేయించినందుకు మిగిలింది అరవై. నొప్పి మాత్రలకూ పిక్కల పట్టీలకూ పద్దెనిమిది పోయింది. ఆవిడకు ఆఫీసులో ఒక రోజు సెలవు పోయింది. ఇక్కడి సైకిలు అమ్మేయమంది. కొన్నదాంట్లో సగం కూడా వచ్చేలా లేదు. రైల్లో ఇప్పుడు వీడియోలు చూడదు, కూర్చోగానే కళ్లు మూసుకుంటుంది. దానికి ఏ అంకె వేయాలో తెలియక ఖాళీగా వదిలాను. ఆవిడ వెళ్లింది కొండ దిగడానికి, దిగింది నడిచి. కాబట్టి నష్టం, ట్రిప్పు మొత్తం ఖర్చు. అందులో అరవై తక్కువ.