పౌలుగారి ఓడ పగిలిన నాడు నేను కృష్ణ దాటాను

సహోదరులారా, అక్కలారా, ప్రభువు పేరట మీకందరికీ వందనాలు. నా పెనిమిటి గద్వాల దగ్గర మా రేవులో పుట్టి, అదే తోలు కప్పిన గుండ్రటి తెప్ప, నడిపేవాడు. కృష్ణ పొంగిన ఒకనాడు ఆయన పుట్టి తిరగబడింది, ఆయన తిరిగి రాలేదు. అప్పటినుండి నీళ్ళంటే నాకు వణుకు, బిందెడు నీళ్ళకు కూడా పక్కింటివాళ్ళను బతిమాలుకునేదాన్ని. నా ఒక్కగానొక్క కూతురు మరియమ్మను ఏటికి ఆవల వనపర్తి వైపు ఇచ్చాము. తొలిచూలు కాన్పుకు పుట్టింటికి తెచ్చుకోవలసింది, కాళ్ళు వాచి అది కదలలేకపోయింది. అమ్మను రమ్మనండని కబురు మీద కబురు. నేను మూట కట్టుకోవడం, రేవు కనబడగానే వెనక్కి తిరిగి రావడం, ఇదే నా బతుకైపోయింది.

ఆ ఎండాకాలంలో మిషను దొరగారు బైబిలులో అపొస్తలుడైన పౌలుగారి ఓడ తుపానుకు పగిలి, అందరూ చెక్కలు పట్టుకుని ఒడ్డుకు చేరిన సంగతిని సినిమాగా తీస్తానని బొమ్మలు తీసే పెట్టె పట్టుకుని మా రేవుకు వచ్చారు. వెదురు బొంగులతో, పాత పుట్టి తోళ్ళతో ఓడ కట్టారు, ముతక గుడ్డ తెరచాప అయింది, చుక్క వాన లేని రోజుల్లో తుపాను కావాలి గనుక మా ఆడవాళ్ళే చాటున నిలబడి బిందెలతో నీళ్ళు గుమ్మరించారు. చూసేవాళ్ళ గుండె కరగాలంటే ఒకరు చేతులెత్తి మునిగిపోవాలని దొరగారు అన్నారు. మా మరిది దేవదానం, అతనూ పుట్టి నడిపేవాడే, ఒప్పుకోలేదు.

"గా ఓడల ఒక్కడు సుత సావలేదని మీరే సదివిండ్రు గద దొరా. ఇప్పుడు ఎవర్ని ముంచుమంటరు?"

దొరగారు నవ్వి ఆ ముంచే మాట వదిలేశారు. నాకు నవ్వు రాలేదు. ఒడ్డున దూరంగా కూర్చుని కోపంగానే ప్రార్థించాను.

"ప్రభువా, గంతమందిని ఒడ్డుకు చేర్చినవ్. నా మొగున్ని ఎందుకు చేర్చలే? నా బిడ్డ కాడికి నన్ను ఎట్ల పొమ్మంటవ్?"

మొదటి మాటకు జవాబు రాలేదు, నేటికీ రాలేదు, మీ ముందు అబద్ధమాడను. రెండో మాటకు వచ్చింది. చెక్కలు పట్టుకుని ఒడ్డుకు చేరేవాళ్ళు చాలలేదని పాదిరిగారి భార్య నా చేతిలో ఒక చెక్క పెట్టింది.

"నడుము లోతే వదినె, నేను పక్కనే ఉంట" అన్నాడు దేవదానం.

యేసయ్యా అంటూ దిగాను, ఒడ్డు చేరి కూలబడి ఏడ్చాను. ఎవరో మధ్యలో నవ్వారట, మళ్ళీ దిగమన్నారు దొరగారు. దిగాము. ఈసారి పౌలుగారి సముద్రంలోకి బర్రెలు వచ్చాయి. మళ్ళీ దిగాము. తర్వాత పెట్టె మొరాయించింది. అలా యేసయ్యా అంటూ దిగడం, బతికి బయటికి రావడం, మళ్ళీ దిగడం, పొద్దు వాలేసరికి ఆ వణుకు ఎటు పోయిందో నాకే తెలియదు. ఇందులో నా ధైర్యం ఇసుమంతైనా లేదు, దేవునికే మహిమ.

తడి చీరతోనే మరిది దగ్గరకు వెళ్ళాను.

"పుట్టి తియ్యి దేవదానం. మరియమ్మ కాడికి పోత."

ఆ సాయంత్రమే అతను నన్ను ఏరు దాటించాడు. మర్నాడే నా బిడ్డ నా చేతుల మీదనే కొడుకును కన్నది. ఆ సినిమాను దొరగారు తమ దేశానికి తీసుకుపోయారు, నేను చూడనే లేదు. మనవణ్ణి చూశాను, చాలు.

మీలో ఎవరైనా మూట కట్టుకుని ఒడ్డునే ఆగిపోయి ఉంటే, భయం పోయాక దిగుదామని కాచుకోకండి, భయంతోనే ఆయన పేరు పట్టుకుని దిగండి. ఆవలి ఒడ్డున నా బిడ్డ నా మెడ పట్టుకుని "వచ్చినవా అమ్మా" అంది. ఆ ఒక్క మాటకు నేను బతికినన్నాళ్ళూ ఆయనను స్తుతిస్తాను.