నాన్న సంతకం పెట్టని వ్యాసం

మా చిన్నప్పుడు... నాన్నకి బదిలీ అయిందని తెలియగానే అమ్మ ముందుగా ఊరగాయ జాడీని పాత దుప్పట్లో చుట్టేది. ఆ తర్వాతే మా బట్టలు. తెల్ల రంగుతో నాన్న పేరూ నంబరూ రాసిన నల్ల ట్రంకు పెట్టె మీద కూర్చుని నేను లారీ కోసం చూస్తుండేదాన్ని.

నాన్న మిలటరీలో వంటవాడు. పదో తరగతికి వచ్చేసరికి నేను ఆరు బళ్ళు మారాను. ఎక్కడికి వెళ్ళినా అదే వరస... కొత్త పిల్ల, వెనక బెంచీ, అర్థం కాని భాష. ఆ భాషలో కాస్త పోట్లాడటం వచ్చేలోపే మళ్ళీ సామాన్లు సర్దేవాళ్ళం. ఒక దశలో స్నేహితురాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకోవడం కూడా మానేశాను. అలిసిపోయి.

నేను ఇంటర్‌లో ఉండగా నాన్న రిటైరవడంతో వాకాడు దగ్గరున్న మా ఊరికి వచ్చేశాం. సొంత ఊరే... అయినా అక్కడా నేను కొత్త పిల్లనే. "మిలటరీ వాళ్ళ పాప" అనేవాళ్ళు. మీ నాన్న ఏం చేసేవాడని ఎవరైనా అడిగితే "సరిహద్దులో ఉండేవాడు" అని ఊరుకునేదాన్ని. గరిటె మాట ఎత్తేదాన్ని కాదు.

ఇంటర్ అయ్యాక దూరపు నగరంలోని ఒక పెద్ద కాలేజీకి దరఖాస్తు తెప్పించుకున్నాను. అక్కడి హాస్టల్లో అందరూ కొత్తవాళ్ళే కదా, నన్నొక్కదాన్నే ఎవరూ వింతగా చూడరని ఆశ. సైనికుల పిల్లలకి కొన్ని సీట్లు ఉన్నాయి. వాటికి ఇంగ్లీషులో రెండు పేజీల వ్యాసం రాసి పంపాలి... సైనిక కుటుంబంలో నా బాల్యం గురించి.

ఉన్నది ఉన్నట్టు రాసి ట్యూషన్ సారుకి చూపించాను. ఆయన చదివి పెదవి విరిచాడు.

"వంట సంగతి రాస్తే ఎవురిస్తారు పాపా సీటు? మంచు ఉండాల, తుపాకి ఉండాల. చదివితే కళ్ళంట నీళ్ళు రావాల."

రెండోసారి మంచు పెట్టాను. చాలదన్నాడు. మూడోసారి నాన్న భుజంలో తూటా దింపాను. అప్పుడు సారు తల ఊపాడు.

దరఖాస్తు చివర 'పైన రాసినదంతా నిజం' అన్న వాక్యం కింద తండ్రి సంతకం పెట్టాలి. నాన్న ఊరికే సంతకం పెట్టేస్తాడనుకున్నాను. ఆయన వరండాలో చాప మీద కూర్చుని, మిలటరీలో నేర్చుకున్న ఇంగ్లీషుతో ఒక్కొక్క మాట మీదా వేలు పెట్టి రెండు పేజీలూ చదివాడు.

"ఈ తూటా నాకు యాడ తగిలిందిమ్మా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాను.

"వంటోడివని రాస్తే సీటు రాదంట నాన్నా!" అని అరిచేశాను.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "పెట్టెయ్యవయ్యా సంతకం. బిడ్డ బతుకు గదా."

నాన్న పెన్ను కింద పెట్టేశాడు. "తూటా తగిలినోళ్ళకి నేను అన్నం తినిపించినాను. చెయ్యి లేవనోడికి ముద్దలు కలిపి నోట్లో పెట్టినాను. వాళ్ళది తీసి నా భుజాన పెట్టుకోమంటే ఎట్లమ్మా?" అన్నాడు. "ఆ కొండల ఎత్తున నీళ్ళు మరిగినా పప్పు ఉడకదు. సిపాయి పిల్లోళ్ళు కాపలా దిగి వచ్చేసరికి వేడిగా ఉండాలని పొయ్యి కాడే నిలబడుకోనుంటి. అది రాయి. సీటు రాకపోతే పోనీ" అన్నాడు.

ఏడుస్తూనే మళ్ళీ రాశాను. పప్పు గురించి, నేను మారిన ఆరు బళ్ళ గురించి. నాన్న చదివి సంతకం పెట్టాడు.

సీటు రాలేదు. "నేను చెప్పలా?" అన్నాడు సారు.

రోజూ బస్సులో గూడూరు వెళ్ళి డిగ్రీ చదువుకున్నాను. ఆ మూడేళ్ళూ నా క్యారేజీ నాన్నే కట్టాడు. అందులో రెండేళ్ళు నేను ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు... ఇప్పుడు చెప్పుకోవడానికి ఆయన లేడు. వ్యాసం బాగా లేక రాలేదో, మార్కులు చాలక రాలేదో, నాకు ఎప్పటికీ తెలియలేదు. అబద్ధం ఎందుకు... ఆ సీటు వచ్చుంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

మా ఆయనదీ మిలటరీయే, అక్కడి లారీలు, జీపులు రిపేరు చేస్తాడు. మా అమ్మాయి ఈ ఏడాది ఐదు కాలేజీలకి దరఖాస్తు చేస్తోంది. అన్నిటికీ వ్యాసాలే. మొన్న కంప్యూటర్‌ని అడిగితే క్షణంలో రాసిచ్చింది... వాళ్ళ నాన్న మంచు కింద కూరుకుపోయి ప్రాణాలతో బయటపడ్డాడట.

"ఇది జరగలేదు గదే?" అన్నాను.

"అందరూ ఇట్నే రాస్తారమ్మా. లేకపోతే ఎవరు చదువుతారు?"

తాతయ్య సంగతి చెప్పాను. పాపం, ల్యాపుటాపు మూసి శ్రద్ధగానే విన్నది. తర్వాత సగం చెరిపేసింది, సగం ఉంచింది. వాదించే ఓపిక నాకు లేకపోయింది. నాన్నకైతే ఉండేది.

ఇప్పుడు ఆ ఫారాల్లో తండ్రి సంతకం అడగడం లేదండీ... నిజమేనని ఒక గడిలో టిక్కు పెడితే చాలు. ఎవరూ వేలు పెట్టి చదివే పని లేదు.

మీ ఇళ్ళల్లోనూ మిలటరీకి వెళ్ళొచ్చిన నాన్నలు, తాతలు ఉండే ఉంటారు. తుపాకి సంగతి కాదు... వాళ్ళు అక్కడ రోజూ నిజంగా చేసిన పని ఏమిటి? తెలిస్తే ఇక్కడ రాయండి. తెలియకపోతే, వాళ్ళు ఉండగానే అడగండి.