ప్రోగ్రెసివ్ మెటల్ పుట్టిల్లు

హైదరాబాద్‌లో గిటార్ వాయించే మా అన్న కొడుకు వరుణ్ ఇవాళ జహీరాబాద్‌లో మేనత్తనైన నా ఇంటికి వచ్చాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, డిగ్రీ చదివే మా అమ్మాయి శ్రీజతో ప్రోగ్రెసివ్ మెటల్ అనే హోరు గిటార్ల సంగీతం ఎక్కడ పుట్టిందని వాదన పెట్టుకున్నాడు.

“ఎనభైలల్ల అమెరికాల పుట్టింది, గంతే. ఈడ కూసోని నీకేం తెలుస్తది?” అన్నాడు.

నాకు చురుక్కుమంది. శ్రీజ మాత్రం నవ్వింది.

“మరి డెబ్బైలల్ల ఇంగ్లండోళ్లు పావుగంట పాటలు కట్టిన్రు, నడుమల తాళాలు మార్చిన్రు. అదేంది బావా?”

“అది రాక్. మెటల్ కాదు.”

“మెటల్ అని నేనంటలేను. తల్లి లేకుండ బిడ్డ పుడ్తదా అని అడుగుతున్న.”

ఫోన్‌లో ఆ డెబ్బైలనాటి ఇంగ్లండ్ పాట ఒకటి పెట్టి, ఏడు దెబ్బల తాళాన్ని పళ్లెం అంచు మీద వేలితో కొట్టి చూపించింది. వరుణ్ కూడా కొట్టబోయి రెండుసార్లు లెక్క తప్పాడు. మూడోసారి కుదిరింది.

“ఈ పాట నేనెన్నడు వినలే. నువ్వు చెప్పిందే కరెక్ట్” అని ఒప్పుకున్నాడు.

నేను శ్రీజ పళ్లెంలో ఇంకో జొన్నరొట్టె వేశాను. రెండేళ్లుగా “ఆ మోత బంద్ చెయ్యి” అని అరుస్తున్నదాన్ని మరి! నిజం చెప్పాలంటే ఇవాళ కూడా నాకది మోతే. కానీ నా బిడ్డ దాన్ని ఇంత శ్రద్ధగా నేర్చుకుందని తెలిసి కడుపు నిండిపోయింది. మీ పిల్లలు చెవుల్లో పెట్టుకొని ఏం వింటున్నారో మీరెప్పుడైనా అడిగారా?